పాత ఇంటికి కొత్త గది

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని భానూర్ పేరు చెప్పగానే చాలామందికి భారత్ డైనమిక్స్ కర్మాగారం గుర్తుకొస్తుంది. కానీ కర్మాగారాల ప్రహరీలకు ఇవతల, ఈ చుట్టుపక్కల ఊళ్లలో పాతకాలపు ఇళ్లు కూడా ఉన్నాయి. మందపాటి మట్టి గోడలు, టేకు దూలాలు, వాటి మీద వాసాలు, ఆపైన మట్టి మిద్దె. కొడుక్కి ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తుంది, పిల్లలు పెద్దవాళ్లవుతారు, ఇల్లు చాలదు. వాదన మొదలవుతుంది. "పడగొట్టి కొత్తది కడదాం" అంటాడు కొడుకు. "మీద ఒక అంతస్తు వేద్దాం" అంటాడు అల్లుడు. "నేనుండగా ఆ దూలం మీద చెయ్యి వెయ్యనియ్యను" అంటుంది నాయనమ్మ.

అలాంటి ఇల్లు ఒకటి ఊహించుకుందాం. ఎవరి మాట వినాలో లెక్కే చెబుతుంది.

గది 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు అనుకోండి. మిద్దె మీద మట్టి 20 సెంటీమీటర్ల మందం ఉంది. ఘనమీటరు మట్టి సుమారు 1800 కిలోలు తూగుతుంది. అంటే చదరపు మీటరుకు 360 కిలోలు. కాంక్రీటు ఘనమీటరుకు 2500 కిలోలు. 12 సెంటీమీటర్ల స్లాబు చదరపు మీటరుకు 300 కిలోలే. ఆశ్చర్యంగా లేదూ? స్లాబు కంటే మట్టి మిద్దే బరువు!

అయితే అల్లుడు చెప్పినట్లు అంతస్తు వేసెయ్యవచ్చా? తొందరపడకండి. పై గదికి గోడలు కావాలి కదా. 23 సెంటీమీటర్ల మందం, 3 మీటర్ల ఎత్తున్న ఇటుక గోడ ప్రతి మీటరు పొడవుకూ 1300 కిలోలకు పైనే తూగుతుంది. గది చుట్టూ 14 మీటర్లు. హెచ్చవేసి చూడండి. తలుపులకూ కిటికీలకూ కొంత తగ్గించి, పై కప్పు స్లాబు 3600 కిలోలు కలిపితే దాదాపు 20 టన్నులు. ఈ బరువంతా కింది మట్టి గోడ మీదికే వస్తుంది. మట్టి గోడ పొడిగా ఉన్నంతకాలం బలంగానే ఉంటుంది, తడిస్తే దాని బలం బాగా పడిపోతుంది. వానాకాలంలో పునాది పక్కన నీళ్లు నిలిచిన నాడు ఆ 20 టన్నుల కింద పడుకునేది ఎవరు? ఈ విషయంలో నాయనమ్మదే గెలుపు.

మిగిలింది పక్కన గది కట్టడం. ఇందులోనూ ఒక చిక్కుంది. పటాన్‌చెరు ప్రాంతంలో ఎర్రనేలా ఉంది, నల్లరేగడీ ఉంది. 1972లో ఇక్కడ స్థాపించిన ఇక్రిశాట్ పరిశోధన క్షేత్రంలోనే రెండూ ఉన్నాయి. రేగడి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు బారుతుంది. పాత ఇల్లు దాని మీద ఎప్పుడో కుదురుకుంది. కొత్త గది ఇప్పుడిప్పుడే కుంగడం మొదలుపెడుతుంది. రెండింటినీ గట్టిగా కలిపి కడితే అతుకు దగ్గర గోడ చీలుతుంది. అందుకే అనుభవమున్న ఇంజనీర్లు రెంటికీ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల సందు వదిలి, వాన దిగకుండా దానిపైన రేకు కప్పుతారు. దేని దారిన అది కదులుతుంది.

మరి గది ఎటువైపు రావాలి? ఇది ఇంజనీరు ఒక్కడే చెప్పలేడు. పెరట్లో నీళ్లు ఏ మూల నిలుస్తాయో నాయనమ్మకు తెలుసు. పొగ ఎటు పోతుందో వంట చేసే అమ్మకు తెలుసు. ఏ దూలానికి చెద పట్టిందో వడ్రంగి తట్టి చప్పుడు విని చెబుతాడు. సాయంత్రం ఏ కిటికీ దగ్గర పుస్తకం చదవవచ్చో మీకంటే బాగా ఎవరికి తెలుసు? కాగితం మీది ప్లాను చాలామందికి అర్థం కాదు. అందుకని మేస్త్రీ పునాదికి ముగ్గు పోసినట్లే, ముందుగా నేల మీద గదిని అసలు కొలతలతో ముగ్గు పోయించండి. అందులో మంచం వేసి, బీరువా ఉండే చోట ఒక పెట్టె పెట్టి, అందరూ అటూ ఇటూ నడిచి చూడండి. తలుపు తెరిస్తే మంచానికి కొట్టుకుంటుందని అప్పుడే తెలిసిపోతుంది. చెరిపి మళ్లీ పోయడానికి ఖర్చు గుప్పెడు ముగ్గు.

ఇదేదో పల్లెటూరి పద్ధతి అనుకోకండి. ఇండోర్‌లోని అరణ్య కాలనీకి ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషీ పేదల ఇళ్లకు పునాది అరుగు, నీటి వసతి, మరుగుదొడ్డి ఉన్న స్థలాలు ఏర్పాటు చేశాడు. మిగతా ఇల్లు ఎవరి వీలునుబట్టి వారు పెంచుకున్నారు. దానికి 1995లో ఆగాఖాన్ బహుమతి వచ్చింది. చిలీ దేశంలోని ఇకీకేలో 2004లో అలెహాంద్రో అరవేనా బృందం సుమారు 100 కుటుంబాలతో కూర్చుని చర్చించి, వారికి సగం సగం ఇళ్లు కట్టించింది. రెండో సగానికి పక్కనే ఖాళీ వదిలారు. ఇల్లు పెరుగుతుందని ముందే లెక్కలోకి తీసుకున్నారన్నమాట.

గోడల మరమ్మతు గురించి ఒక్కమాట. మట్టి గోడకు సిమెంటు పూత వేయడం నాకు అసలు నచ్చదు. గోడలోని తేమ బయటికి పోలేక లోపలే ఉండిపోతుంది, కొన్నాళ్లకు పూత పెచ్చులుగా ఊడుతుంది. సున్నం పూత తేమను బయటికి పోనిస్తుంది. దాని రసాయనం మీకు తెలిసిందే. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వరకు కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోతుంది. మిగిలిన పొడిసున్నానికి నీళ్లు కలిపి గోడకు పూస్తే, అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా తీసుకుని మళ్లీ రాయి అవుతుంది.

వీటన్నిటికీ ముందు చేయవలసిన పని ఒకటుంది, అది మీరూ చేయవచ్చు. గోడలో పగులు కనిపిస్తే, సూక్ష్మదర్శిని కింద పెట్టే గాజు పలకలాంటిది తీసుకుని పగులుకు అడ్డంగా పెట్టి, రెండు కొసలనూ సిమెంటు ముద్దతో అతికించండి. పక్కన తారీఖు రాయండి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడవనివ్వండి. గాజు చెక్కుచెదరకపోతే పగులు పాతది, పూడ్చవచ్చు. విరిగితే గోడ ఇంకా కదులుతోందన్నమాట. అప్పుడు ప్లాను పక్కన పెట్టి, పెరట్లో వాననీళ్లు ఎటు పోతున్నాయో చూడాలి.