పాత కారునకు క్రొత్త ఇంజను : వైరింగు పొందిక

పాత కారులో తరువాతి కాలపు ఇంజను నమర్చువారు బోల్టులను, గేరుపెట్టెను, రేడియేటరును జాగ్రత్తగా కొలిచి చూతురు. ఇంజను కూర్చున్నంతనే పని ముగిసినదని తలంతురు. కాని బండి దారిలో నిలిచిపోవుటకును, ఒక్కొక్కప్పుడు తగులబడుటకును వైరింగే కారణమగుచుండును. జి. డి. నాయుడుగారి (1893–1974) కాలమునుండి కోయంబత్తూరు తెలుగువారికి మోటారు పనితో సంబంధము కలదు. అచ్చటి మన యువకులు ఆ పనిని తమిళమున నేర్తురు. అందలి కారణములను తెలుగున చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

మారిస్ మైనరు నుదాహరణముగా గొందము. 1948లో ఇంగ్లండున వెలువడిన ఈ కారులో బ్యాటరీ పాజిటివ్ కొన బాడీకి కలుపబడియుండును. దీనినే పాజిటివ్ ఎర్తు అందురు. 1971లో వచ్చిన మారిస్ మెరీనాలోని 1275 సి.సి. ఇంజను, 1952 తరువాతి మైనరు ఇంజనుతో ఒకే వంశమునకు చెందినది. కావున పెద్ద శ్రమ లేకయే ఇముడును. అయితే దాని ఆల్టర్నేటరు నెగటివ్ ఎర్తునకు నిర్మింపబడినది. దానిని పాత పద్ధతిలోనున్న బ్యాటరీకి తగిలించినచో లోపలి డయోడులు క్షణములో కాలిపోవును. డైనమో ధ్రువమును మార్చుకొనవచ్చును. డయోడునకు అంత ఓర్పు లేదు.

కనుక బండినంతటిని నెగటివ్ ఎర్తునకు మార్చవలెను. దీపములకును హారనుకును ఈ భేదము పట్టదు. కాయిలుపై నున్న రెండు చిన్న వైరులను తారుమారు చేయవలెను. లేనిచో ప్లగ్గులలో నిప్పురవ్వ బలహీనపడును. పాత ట్రాన్సిస్టరు రేడియో యున్నచో ముందుగా దాని వైరును విడదీయుట మేలు.

తికమక పెట్టునది రెగ్యులేటరు పెట్టె. ఆల్టర్నేటరులోనే రెగ్యులేటరు ఇమిడియుండుటచే ఈ పెట్టెకు పని లేదు. 'ఏ', 'ఏ1' గుర్తులుగల కొనల వైరులను ఒకటిగా కలుపవలెను. 'ఎఫ్' వైరు కొనను టేపుతో మూయవలెను. 'డి' నుండి హెచ్చరిక దీపమునకు పోవు సన్నని వైరును ఆల్టర్నేటరు చిన్న కొనకు చేర్చవలెను. ఈ దీపము అలంకారము కాదు. దానిగుండా వచ్చు స్వల్ప విద్యుత్తే ఆల్టర్నేటరును మేల్కొలుపును. బల్బు మాడినచో చార్జి ఆరంభము కాకపోవచ్చును. లూకాస్ సి 40 డైనమో 22 ఆంపియర్లే ఇచ్చును, 16 ఏ.సి.ఆర్. ఆల్టర్నేటరు 34 ఇచ్చును. పాత గోధుమరంగు వైరు ఇంత భారము మోయజాలదు. ఆల్టర్నేటరునుండి సొలినాయిడు వరకు లావు వైరు క్రొత్తగా వేయవలెను.

ఇంజను రబ్బరు దిండ్లపై నుండును గనుక, దానికిని బాడీకిని నడుమ ఎర్తు పట్టీ తప్పక ఉండవలెను. దీనిని మరచినచో స్టార్టరు విద్యుత్తు చోకు తీగగుండా దారి వెదకికొని, దానిని ఎఱ్ఱగా కాల్చును. మంటకు ఇది చాలును.

కంప్యూటరు పెట్టెతో నడచు నేటి ఇంజనులలో పాత వైరును అతికింప యత్నింపరాదు. ఇంజను, దాని వైరుల కట్ట, కంప్యూటరు, తాళపుచెవి ఒకే బండినుండి తీసికొనవలెను. దానికి బ్యాటరీనుండి నేరుగా ఒక వైరు, స్విచ్చినుండి మరొకటి వేయవలెను. ఈ రెండవది స్టార్టరు తిరుగునప్పుడును విద్యుత్తు వచ్చు కొననుండియే తీసికొనవలెను. మన దేశమున ఇంజను మార్పునకు రిజిస్ట్రేషను అధికారి అనుమతియు కావలెను.

అన్నియు ముగిసిన పిమ్మట బ్యాటరీని వెంటనే కలుపరాదు. అన్ని స్విచ్చులను ఆపి, బ్యాటరీకిని బాడీకిని నడుమ 21 వాట్ల బల్బు నుంచవలెను. అది వెలిగినచో ఎచ్చటనో వైరు బాడీకి తగులుచున్నది. దానిని వెదకి సరిచేయవలెను.