పడిపోని బంతి వెనక లెక్క

భద్రాచలం అడవి అంచున కోయ గూడేల్లో తరతరాలుగా నీళ్లు మోసిన పాత్ర ఎండిన సొరకాయ బుర్ర. గుండ్రటి అడుగున్న బుర్ర ఒకటి తీసుకుని, లోపల అడుగుకు గుప్పెడు బంకమట్టి అతికించి ఆరనివ్వండి. తర్వాత వేలితో పక్కకు వంచి వదిలితే నాలుగైదు సార్లు ఊగి మళ్లీ నిటారుగా నిలబడుతుంది. తంజావూరు బొమ్మ చేసేదీ ఇదే. తనంతట తాను తూకం నిలుపుకునే బంతి రోబో సంగతి తెలియాలంటే ఈ బుర్ర దగ్గరే మొదలుపెట్టాలి.

మట్టి బదులు నీళ్లు పోస్తే చాలదా? చాలదు. గుండ్రటి పాత్రను ఎటు దొర్లించినా లోపలి నీళ్లు జారి అడుగునే ఉండిపోతాయి. పాత్రతో పాటు లేవవు కాబట్టి దాన్ని వెనక్కీ లాగవు. అతుక్కున్న మట్టి అలా కాదు. పాత్ర వంగితే అదీ పక్కకు లేస్తుంది. లేచిన బరువు దిగాలని చూస్తుంది, ఆ దిగడంలోనే బుర్ర నిటారవుతుంది.

ఇప్పుడు ఆ మట్టి ముద్దను ఒక మోటారు ముందుకు లేపుతూ ఉందనుకోండి. లేచిన బరువు దిగాలంటే బంతి దొర్లక తప్పదు. ఖాళీ డ్రమ్ములో దూరి పిల్లలు నడుస్తుంటే డ్రమ్ము కదులుతుంది కదా, అంతే. అమెరికాలోని స్ఫీరో కంపెనీ 2015లో అమ్మిన 'స్టార్ వార్స్' బీబీ-8 బొమ్మ లోపల తిరిగేది ఓ చిన్న బండి. పైన ఉన్న తలను అయస్కాంతాలు పట్టి ఉంచుతాయి. స్వీడన్‌లో అంగారక గ్రహం కోసం మొదలైన ఆలోచన నుంచి పుట్టిన గ్రౌండ్‌బాట్ మరీ పెద్దది: 60 సెంటీమీటర్ల బంతి, 25 కిలోల బరువు. అంటే ఒక బియ్యం బస్తా తనంతట తాను దొర్లుకుంటూ కాపలా తిరగడం అన్నమాట.

ఇంట్లో చేసుకునే బంతి ఏ మాత్రం ఎత్తు ఎక్కగలదు? లెక్క కడదాం. ఫుట్‌బాల్ కంటే కాస్త చిన్నదిగా, 20 సెంటీమీటర్ల బంతి. మొత్తం బరువు కిలోన్నర. అందులో బ్యాటరీ, మోటార్లు, ఇనుప వాషర్లు కలిపి ఒక కిలో బంతి నడిమధ్య నుంచి 6 సెంటీమీటర్ల కింద వేలాడుతోంది. ఆ కిలోను పూర్తిగా అడ్డంగా లేపితే దాని పట్టు 1×6, అంటే 6. వాలు మీద బంతిని వెనక్కి లాగే పట్టు మొత్తం బరువును బంతి వ్యాసార్ధంతో, దాన్ని మళ్లీ వాలుతో గుణిస్తే వస్తుంది: 1.5×10, అంటే 15, దానికి వాలు రెట్లు. రెండు పట్లూ సమానమయ్యే వాలు కోసం ఆరును పదిహేనుతో భాగిస్తే 0.4. మీటరు దారిలో 40 సెంటీమీటర్ల ఎత్తుకు మించి అది ఎక్కలేదు. ఆసుపత్రి ర్యాంపు మీటరుకు 8 సెంటీమీటర్లు లేస్తుంది కాబట్టి వాలు దానికి సమస్య కాదు.

సమస్య గడప. అదే బంతి ఊపు లేకుండా ఎక్కగల మెట్టు ఎత్తు 8 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఒక పెన్సిల్ మందం. బరువును అడ్డంగా లేపినా మొత్తం తూకం నడిమధ్య నుంచి 4 సెంటీమీటర్లే ముందుకు జరుగుతుంది. మెట్టు అంచు అంతకంటే ముందుంటే బంతి అక్కడే ఆగిపోతుంది. ఈ అంకె ముందే తెలిసి ఉంటే నేను నా మొదటి బంతిని వంటింటి గడప దగ్గర గంటసేపు తిట్టేవాణ్ని కాదు. బరువును ఎంత కిందికి దించితే అంత మంచిది. పైపెంకు ఎంత తేలికైతే అంత మంచిది. కొత్తగా చేసేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే.

రెండో మాట, మోటారును ఒక్కసారిగా తిప్పకండి. తిప్పితే లోపలి బరువు ఎగిరి వెనక్కి ఊగుతుంది, బంతి ముందుకూ వెనక్కూ తడబడుతుంది. వేగాన్ని అర సెకనులో కాకుండా రెండు సెకన్లలో పెంచేలా ప్రోగ్రాం రాశాక నా బంతి వరండాలో నీళ్లు తొణకని బిందెలా నడిచింది.

ఇక రెండో రకం. ఇందులో బంతి కింద ఉంటుంది, రోబో దాని మీద నిలబడుతుంది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ హోలిస్ చేసిన ఇలాంటి రోబోను 2006లో ప్రపంచం చూసింది. మనిషంత ఎత్తు, 45 కిలోలు, కింద ఒకే బంతి. మొదటి రకాన్ని నిలబెట్టేది బరువు. దీన్ని నిలబెట్టేది మాత్రం లెక్కే. కరెంటు పోతే పడిపోతుంది.

అరచేతిలో కర్రను నిలబెట్టే ఆట మీకు తెలుసు. మీటరున్నర కర్ర నిలుస్తుంది, పెన్సిల్ నిలవదు. ఎందుకని? పడిపోతున్న మీటరున్నర కర్ర వంపు రెట్టింపు కావడానికి సుమారు 0.22 సెకను పడుతుంది. పెన్సిల్‌కు 0.08 సెకను చాలు. చూసి చెయ్యి కదపడానికి మనకు పట్టే సమయం 0.2 సెకను. కర్రను అందుకోగలం, పెన్సిల్‌ను అందుకోలేం. రోబో సెకనుకు 200 సార్లు వంపు చూసుకోగలదు, కాబట్టి పెన్సిలంత పొట్టిదైనా దానికి తీరిక దొరుకుతుంది.

వంపు ఎలా తెలుస్తుంది? ఎంపీయూ-6050 అనే చిన్న చిప్పుతో. గోరంత ఉండే ఈ చిప్పులో రెండు పరికరాలున్నాయి. తిరిగే వేగాన్ని చెప్పేది గైరోస్కోప్. కింద ఎటు ఉందో చెప్పేది యాక్సెలరోమీటర్. గైరో గోడ గడియారం లాంటిది: నడక నిలకడే గానీ మెల్లగా తప్పు పేరుకుంటుంది. రెండోది చిన్న కుదుపుకే గందరగోళపడుతుంది, కానీ కాసేపు చూసి సగటు తీస్తే నిజం చెబుతుంది. అందుకే గైరో మాటకు 98 పాళ్లు, రెండోదాని మాటకు 2 పాళ్లు ఇచ్చి కలుపుతారు.

వంపు తెలిశాక మోటారును ఎంత తిప్పాలో పీఐడీ చెబుతుంది. ఎంత వంగింది, ఎంతసేపటి నుంచి వంగి ఉంది, ఎంత వేగంగా వంగుతోంది అనే మూడు ప్రశ్నల జవాబులను కలిపే పద్ధతి ఇది. 1922లో మినోర్‌స్కీ అనే ఇంజినీరు ఓడల చుక్కాని కోసం రాసిన లెక్కే ఇక్కడా పనిచేస్తుంది. బంతి మీద ఒకదానికొకటి 120 డిగ్రీల దూరంలో మూడు ఆమ్ని చక్రాలు, అంటే అంచున చిన్న రోలర్లుండి పక్కకు కూడా జారే చక్రాలు, ఆనించి తిప్పుతారు.

నేరుగా రెండో రకానికి వెళ్లొద్దు. ముందు దొర్లే బంతి, తర్వాత రెండు చక్రాల మీద నిలబడే బండి, ఆపైన ఇది. విడిభాగాలకు హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ ఉంది. పనిముట్లకు 2023లో రాయదుర్గంలో తెరిచిన టీ-వర్క్స్ ఉంది. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలుంటే వాళ్ల బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉందేమో అడగండి.

ఒక్క జాగ్రత్త. ఎక్కువ భాగం లిథియం అయాన్ సెల్స్‌ను 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. మేలో కొత్తగూడెం, భద్రాచలం ఎండ ఆ అంకె దాకా వెళ్తుంది, మూసిన బంతి లోపల ఇంకా ఎక్కువ. ఛార్జింగ్ పెట్టేటప్పుడు బంతిని విప్పండి, చల్లబడిన సాయంత్రం పెట్టండి, మీరు మేలుకుని ఉన్నంతసేపే పెట్టండి.