కేకుమీద నెమలి

మొన్న శ్రావణమాసంలో నేను బెజవాడ వెళ్ళినప్పుడు మా అక్కయ్యగారింట్లో ఒక నెమలి రెండు రాత్రులు ఎవరినీ నిద్రపోనివ్వలేదు. ప్రాణమున్న నెమలి కాదు లెండి. అక్కయ్య మనుమరాలికి అయిదో పుట్టినరోజు. బజారు కేకు వద్దని, కేకు ఇంట్లోనే చేసి దానిమీద తన చేత్తో నెమలిబొమ్మ వేస్తానని కోడలు పంతం పట్టింది. కేకుతోబాటు బడిపిల్లలకు పంచడానికి ముప్పై బిస్కెట్లు; ఒక్కొక్క దానిమీద ఒక్కొక్క నెమలిపింఛం. అమ్మాయి బొమ్మలు బాగా వేస్తుంది. కాగితంమీద వేసినట్లే పంచదారమీదా వేయవచ్చు ననుకున్నది. అక్కడే వచ్చింది చిక్కు.

కాగితం నీటిని పీల్చుకుంటుంది. పంచదార నీటిలో కరిగిపోతుంది. ఈ చిన్న సంగతి తట్టకనే చాలామంది మొదటి కేకును పాడుచేసుకుంటారు. తడి కుంచె ఆనిన చోటల్లా గుంట పడుతుంది. రంగు ఆ గుంటలో చేరి మచ్చ కడుతుంది. మొదటిరోజు మా నెమలికి మెడ ఉండవలసిన చోట చిన్న చెరువు తయారైంది.

అసలు పద్ధతి ఇది. గోడమీద బొమ్మ వేయబోయేముందు సున్నం కొట్టినట్లు, ముందు తెల్లని పూత ఒకటి పూయాలి. దానిని రాయల్ ఐసింగు అంటారు. ఒక గుడ్డు తెల్లసొనకు సుమారు 200 గ్రాముల ఐసింగు చక్కెర, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి తెల్లగా, చిక్కగా అయ్యేదాకా గిలకొట్టాలి. పచ్చి తెల్లసొన పసివాళ్ళకు పెట్టడం క్షేమం కాదు గనుక, శుద్ధిచేసి ఎండబెట్టిన తెల్లసొన పొడి వాడుకోవడం మంచిది. గుడ్డు ముట్టనివారు పాలలో చక్కెరపొడి కలిపి పూత చేసుకోవచ్చు గాని, అది అంత గట్టిగా ఆరదు.

ఇక బిస్కెట్టుమీద పూయడం మన రైతు మడి తడిపినట్లే. ముందు చిక్కని ఐసింగుతో చుట్టూ గట్టు కట్టాలి. తరువాత కొంచెం నీళ్ళు చిలకరించి పలుచన చేసిన ఐసింగును గట్టు లోపల వదలాలి. అదే సర్దుకుని, అద్దంలాగా నున్నగా నిలుస్తుంది. గట్టు కట్టేందుకు వాడే కాగితపు పొట్లానికీ, మన ఆడపిల్లలు గోరింటాకు పెట్టుకునే కోనుకూ భేదమేమీ లేదు. రోజూ వాకిట్లో ముగ్గు పెట్టే చేతికి ఇది పది నిమిషాల్లో పట్టుబడుతుంది. ఎక్కడ వేళ్ళు బిగించాలో, ఎక్కడ వదలాలో ఆ చేతికి ముందే తెలుసు.

పూత వేసింతరువాత కనీసం ఒక రాత్రంతా కదపకుండా ఆరనివ్వాలి. ఇది డిసెంబరు చలిలో సులభం. శ్రావణమాసపు బెజవాడలో, కృష్ణ ఒడ్డున, గాలి అంతా చెమ్మగా ఉన్నప్పుడు ఆరడమంటే మాటలు కాదు. ముందుగదిలో ఫ్యాను కింద ముప్పై బిస్కెట్లూ, మధ్యన కేకూ పడుకున్నాయి. మేమందరం ఫ్యాను లేని గదిలో పడుకున్నాము. నిద్ర లేకపోవడానికి కారణం అదే.

రంగు కలపడం రెండో విద్య. నీళ్ళలాంటి రంగుకన్నా ముద్దలాంటి జెల్ రంగు, లేదా పొడిరంగు మేలు. పాశ్చాత్యదేశాలలో ఆ ముద్దను ఒకటి రెండు చుక్కల వోడ్కాతో పలుచన చేస్తారు. సారాయి త్వరగా ఆవిరైపోతుంది. పంచదార కరిగేలోగా రంగు అంటుకుని ఆరిపోతుంది. ఈ మాట అక్కయ్య ముందు అనే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది. అందుచేత కుంచెను నీటిలో ముంచి, గుడ్డకు గట్టిగా అద్ది, ఇంచుమించు పొడిగానే పని నడిపాము. లేతరంగు ముందు, ముదురురంగు తరువాత. ఆరినకొద్దీ రంగు చిక్కబడుతుంది గనుక, కావలసినదానికన్నా ఒక పాలు తక్కువలోనే ఆపాలి. ఒక వరస ఆరకుండా రెండో వరస వేయరాదు. బొమ్మ పూర్తి అయిన కేకును ఫ్రిజ్‌లో పెట్టరాదు. బయటికి తీయగానే చెమ్మ పట్టి నెమలి కన్నీరు కారుస్తుంది.

నీలం మెడ కుదిరింది. పింఛాలు వచ్చాయి. అప్పుడు అక్కయ్య కళ్ళజోడు సవరించుకుని, “అమ్మాయ్, అది తినే రంగేనా? బట్టలకు పెట్టే నీలిమందులాగుందే!” అన్నది. మేము నవ్వాము. అటుతరువాత గంటకు ఆ నవ్వు నాకు గొంతులో అడ్డుపడింది.

కోడలు పింఛం కన్నులకు మెరుపు కావాలని ఒక బుడ్డిలో బంగారుపొడి తెచ్చింది. ఏ దుకాణమైతేనేం లెండి. నాలుగు బిస్కెట్లకు పూసేసింది కూడా. బుడ్డి నా చేతికి వచ్చింది. దానిమీద విషరహితమని ఇంగ్లీషులో ఉన్నది. దాని కింద, చీమల బారులాంటి అక్షరాలలో, అలంకరణకు మాత్రమే అని ఉన్నది. అందులో ఏమేమి కలిసినవో జాబితా లేదు. తినవచ్చునన్న మాట ఎక్కడా లేదు.

ఈ రెండు మాటల మధ్య ఎంత దూరమున్నదో అమెరికాలో తెలిసివచ్చింది. 2018 అక్టోబరులో రోడ్ ఐలండ్‌లో ఒక పుట్టినరోజు కేకు తిన్న ఆరుగురు పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి. పరీక్షిస్తే కేకుమీద దట్టంగా పూసిన మెరుపుపొడి చాలావరకు ఉత్త రాగిపొడి అని తేలింది. మరుసటి సంవత్సరం మిస్సోరిలో ఏడాది బిడ్డ రక్తంలో సీసం ఎక్కువగా కనబడితే, ఆరా తీసి తీసి పుట్టినరోజు కేకు అలంకరణకు వాడిన పసుపుపచ్చ పొడి దగ్గర ఆగారు. ఈ రెండు ఉదంతాలనూ 2021లో అమెరికా వ్యాధినియంత్రణ కేంద్రంవారు ప్రకటించారు. ఆ పొడులు చేసినవాళ్ళు విషం అమ్ముదామనుకోలేదు. అవి తినడానికి ఉద్దేశించిన పొడులు కావు. వాటిని కేకుల సామానుతోబాటు అమ్మడంలోనే ఉన్నది అనర్థం.

ఇది కొత్త జబ్బేమీ కాదు. 1820లో లండనులో ఫ్రెడరిక్ ఆకమ్ అనే జర్మన్ రసాయనికుడు ఆహారపు కల్తీలమీద ఒక గ్రంథం వ్రాసి, పిల్లలు కొనుక్కునే మిఠాయిల ఎరుపులో సీసపు సింధూరమూ, ఆకుపచ్చలో రాగిలవణాలూ ఉన్నాయని బయటపెట్టాడు. 1856లో విలియం పెర్కిన్ అనే పద్ధెనిమిదేళ్ళ కుర్రవాడు క్వినైను చేయబోయి, పొరపాటున ఊదారంగు చేశాడు. అంతటితో తారునుంచి రంగులు తీసే విద్య పుట్టింది. చీరలకు పట్టిన రంగులే మిఠాయిలకూ పట్టాయి. అమెరికా ప్రభుత్వం 1907లో వాటిలో ఏడింటికి మాత్రమే అనుమతి ఇచ్చింది. అనుమతి ఇచ్చినవన్నీ నిలిచాయా అంటే అదీ లేదు. 1950లో పండుగ మిఠాయిలు తిన్న పిల్లలకు జబ్బు చేసింది, వాటిలోని ఒక నారింజరంగు వల్ల. 1976లో ఒక ఎరుపును నిషేధించారు. ఎరిత్రోసిన్ అనే మరో ఎరుపుకు 2025 జనవరిలో అక్కడ అనుమతి రద్దయింది.

మన దేశంలో 1954లో కల్తీ నిరోధక చట్టం వచ్చింది. దాని స్థానంలో 2006లో ఆహార భద్రతా చట్టం చేశారు. దాని కింద ఎనిమిది కృత్రిమ రంగులకు అనుమతి ఉన్నది: ఎరుపులు మూడు, పసుపుపచ్చలు రెండు, నీలాలు రెండు, ఆకుపచ్చ ఒకటి. అమెరికా వద్దన్న ఎరిత్రోసిన్ ఆ ఎరుపులలో ఒకటి. కేకులు, బిస్కెట్లు, మిఠాయిలలో రంగు కిలోకు 100 మిల్లీగ్రాములు, అనగా గ్రాములో పదోవంతు, మించరాదు. కేకు ముద్దనంతా ఎర్రగా ముంచితే ఆ హద్దు దాటడం ఎంతసేపు? పైపైన కుంచెతో వేసిన బొమ్మకు పట్టేది అందులో చాలా స్వల్పం. కోడలి పక్షాన ఈ ఒక్క మాట చెప్పాలి. యూరపులో మాత్రం ఈ రంగులలో నాలుగు కలిసిన ఆహారపు పొట్లాలమీద, పిల్లల నడతమీదా ఏకాగ్రతమీదా చెడు ప్రభావం ఉండవచ్చునని 2010నుంచి అచ్చు వేయవలసి వస్తున్నది.

ఎనిమిదింటిలో లేనివాటితోనే అసలు పేచీ. రోడమిన్-బి అనేది బట్టలకు వేసే గులాబిరంగు. చౌక, కంటికి జిగేలుమంటుంది. పీచుమిఠాయిలో అది దొరికినందుకే 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడులలోనూ, మార్చిలో కర్ణాటకలోనూ నిషేధాలు వచ్చాయి. కనుక రంగుబుడ్డి కొనేవారు చూడవలసింది బొమ్మ కాదు. అనుమతించిన ఆహారపు రంగు అన్న మాటా, రంగు పేరూ, ఆహార భద్రతా సంస్థవారి 14 అంకెల లైసెన్సు నంబరూ ఉన్నాయా అని చూడాలి. శాకాహారులకు మరొక మాట: కార్మైన్ అనే ఎరుపు మెక్సికో వైపు జెముడుమీద బతికే పురుగులనుంచి తీస్తారు. కార్మొయిసిన్ వేరు, పేరు దగ్గరగా ఉన్నా అది పురుగు కాదు, కృత్రిమం.

ఇంటి రంగులు లేవా అన్నది అక్కయ్య. లేకేమి! పసుపు ఉన్నది, బీట్రూటు రసం మరిగించి చిక్కబరిస్తే గులాబి వస్తుంది, పాలకూర ఉన్నది. శంఖుపుష్పాల నీలం చూడ ముచ్చటగా ఉంటుంది గాని, నిమ్మరసం తగిలితే ఊదా అయిపోతుంది. మన ఐసింగులో ఉన్నదే నిమ్మరసమాయె! పసుపుకు సున్నం తగిలితే పారాణి అయినట్లే, వంటసోడా తగిలినా ఎర్రబడుతుంది. ఇవన్నీ వెలుతురుకు వెలిసిపోయేవే. అయినా పింఛం కన్నులకు పసుపే పెట్టాము. బంగారమంత మెరవలేదు. మెడకు మటుకు లైసెన్సు నంబరున్న బుడ్డిలోని నీలమే ఉంచాము.

పొడి పూసిన నాలుగు బిస్కెట్లూ చెత్తబుట్టలో వేసేసరికి ఇరవైయారు మిగిలాయి. పిల్లలు ముప్పైమంది. తెల్లవారితే వేడుక, మళ్ళీ పూత పూసి ఆరబెట్టే వేళ లేదు. కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్కయ్య ఏమీ అనకుండా అటకమీదనుంచి తన పెళ్ళినాటి చెక్క అచ్చులు దింపించి, పాకం పట్టి పోసింది. నాలుగు పంచదార చిలకలు, ఏ రంగూ లేనివి, తెల్లగా దిగాయి.

మర్నాడు నెమలిని కోయవద్దని పుట్టినరోజు పిల్ల పేచీ పెట్టింది. చివరకు తోక వైపునుంచి కోయడానికి ఒప్పుకున్నది. పింఛాల బిస్కెట్లు అందుకున్న ఇరవైయారుమందీ ఆ నాలుగు చిలకలు మాకెందుకు లేవని అక్కయ్య చుట్టూ మూగారు.