కల్కి చిత్రము - ప్రేక్షకుల భారతవాదము

2024వ సంవత్సరము జూన్ 27వ తేదీని వెలువడిన "కల్కి 2898 ఏడీ" యను తెలుఁగు చలనచిత్రము భావికాలపు యంత్రలోకమును వర్ణించునదియే యైనను, దాని యారంభము కురుక్షేత్ర రణభూమి. నాగ్ అశ్విన్ దర్శకత్వమున వైజయంతీ మూవీస్ సంస్థవారు నిర్మించిన యీ చిత్రమును జూచినవారు యంత్రములనుగూర్చి యాడిన మాటలకంటె భారతమునుగూర్చి చేసిన వాదములే నాకు హెచ్చుగా వినవచ్చినవి. ఇది వ్యాసుఁడు చెప్పినది కాదని కొందఱు, ఇదియే నిజమైన కథ యని కొందఱు పట్టుపట్టిరి. ఈ వాదములలోఁ బ్రమాణముగాఁ జూపఁబడు మాట లే గ్రంథములోనివో విచారించుట యిచ్చట నుద్దేశింపఁబడినది. పాఠశాలలలో బాలురు తెలుఁగు పండితు నడుగు ప్రశ్నలు నిపుడు దీనినుండియే పుట్టుచున్నవి గావున నుపేక్షింపఁదగిన విషయము కాదు.

ఈ వాదములు విద్వత్సభలలోఁ బుట్టినవి కావు. హైదరాబాదు నగరమునకుఁ బడమటి దిక్కున నానక్‌రామ్‌గూడ యను చోటు కలదు. రంగనాథస్వామి యాలయము, సాఫ్ట్‌వేర్ సంస్థల యున్నత సౌధములు నచ్చట నొండొంటికి దవ్వుగాక నెలకొన్నవి. 2019 ఆగస్టు నెలలో అమెజాన్ సంస్థ తొమ్మిదిన్నర యెకరముల స్థలమునఁ దన మహాకార్యాలయము నిచ్చటనే ప్రారంభించెను. ఆ సంస్థకుఁ జెందిన ప్రైమ్ వీడియోయే 2024 ఆగస్టు 22వ తేదీనుండి యీ చిత్రపుఁ దెలుఁగు ప్రతిని ఇంటింటి టీవీ తెరకుఁ జేర్చినది. సినిమా హాలులో నొకసారి చూచి మఱచిపోవు దృశ్యమును ఇంటనే నిలిపి, వెనుకకుఁ ద్రిప్పి, మరలఁ జూచుట కవకాశము కలుగుటచే వాదము సూక్ష్మతరమైనది. ఇచ్చటి కార్యాలయములనుండి సాయంకాలము వెలువడు యువకులు టీకొట్టు నొద్ద నిలిచి కర్ణార్జునుల బాణముల తారతమ్యమును జర్చించుట నేను వినియున్నాను. తిక్కన పేరు మాత్రము వారి నోట రాలేదు.

మొదట నశ్వత్థామ విషయము. ఈ చిత్రమున నాతఁడు ప్రధానపాత్రము; అమితాబ్ బచ్చన్ ఆ వేషమును ధరించెను. బి. ఆర్. చోప్రా మహాభారత ధారావాహికలో భీష్ముఁడుగా నటించిన ముఖేష్ ఖన్నా చిత్రము వెలువడిన కొలఁది దినములకే యొక యాక్షేపము తెలిపెను. శ్రీకృష్ణుఁ డశ్వత్థామ శిరోమణిని హరించినట్లు చూపుట వ్యాసునికి విరుద్ధమనియు, మణిని గోరినది ద్రౌపది యనియు నాతని వాదము. ఇది సత్యమే. సౌప్తికపర్వమున ద్రౌపది ప్రాయోపవేశమునకుఁ బూని, యశ్వత్థామ శిరోమణిని ధర్మరాజు శిరమునఁ జూచిననే బ్రతుకుదు నన్నది. కాని దానిని దీసిన వాఁడెవఁడు? ఇచ్చటఁ బ్రేక్షకులలోఁ బెక్కండ్రు అర్జునుఁడని బదులిచ్చెదరు. అది భాగవత ప్రథమస్కంధములోని కథ. అందు నర్జునుఁడు గురుపుత్రుని బంధించి తెచ్చి ద్రౌపది యెదుట నిలుపఁగా, ఆమె యాతని తల్లి కృపిని దలంచి విడువుమని వేఁడును. పిదప నర్జునుఁడు ఖడ్గముతోఁ గేశములతోఁగూడ మణిని గోయును. పోతనకృతి మూలమునఁ దెలుఁగు వారికిఁ బరిచితమైన దీ కథయే. భారతమున నట్లు కాదు. గంగాతీరమున వ్యాసనారదు లిరువురి యస్త్రముల నడుమ నిలువఁగా, వ్యాసుని యాజ్ఞచే నశ్వత్థామ తానే మణి నిచ్చివేయును. భీముఁడు దానిని ద్రౌపది చేతి కిచ్చును. కావున మూలవిరుద్ధమని చిత్రము నాక్షేపించు ప్రేక్షకులును దమ కెఱుఁగకయే రెండు మూలములను గలిపి యొకటిగాఁ జెప్పుచున్నారు.

శాపావధి యింతకంటెను విచార్యము. సంస్కృత భారతమున శ్రీకృష్ణుఁ డిచ్చిన శాపము మూఁడువేల యేండ్లు. చీమునెత్తుటి దుర్గంధముతో, మాటాడు తోడు లేక, నిర్జనదేశములఁ దిరుగవలె నని దాని స్వరూపము. దర్శకుఁడు తన కథ భారతకాలమున మొదలై 2898తో ముగియు నాఱువేల యేండ్ల కథ యని 2024 ఫిబ్రవరిలోనే చెప్పియుండెను. కలియుగారంభము క్రీస్తునకుఁ బూర్వము 3102 అను సంప్రదాయగణనమున కిది సరిపోవును. అయిన శాప మాఱువేల యేండ్లు నిలుచు టెట్లు? మూఁడువేలు గడచునప్పటికి క్రీస్తుశకమే పుట్టలేదు. ఈ ప్రశ్న నడిగిన ప్రేక్షకు లున్నచో వారు నిశ్చయముగా గ్రంథము చూచినవారు.

నా యభిప్రాయమున నిందు దోషము లేదు. శాపము వేఱు, చిరజీవిత్వము వేఱు. శాపాంతమున నశ్వత్థామ మరణించునని భారతము చెప్పలేదు. సప్తచిరజీవులలో నాతని పేరు నేఁటికిని ప్రాతఃస్మరణమున నున్నది. విష్ణుపురాణము మఱింత దూరము పోయి, రాఁబోవు ద్వాపరమున ద్రోణపుత్రుఁడే వ్యాసుఁ డగుననియు, సావర్ణిమన్వంతరమున సప్తర్షులలో నొకఁ డగుననియుఁ జెప్పుచున్నది. ద్వేషముచే గర్భస్థశిశువుపై నస్త్రము విడిచినవానికి వేదవిభాగము చేయు పదవి! మన పురాణకర్తల యౌదార్యము నేఁటి ప్రేక్షకుల కందరానిది.

ఆ మహాపాతకుఁడే కల్కిని గర్భమున ధరించిన తల్లికి రక్షకుఁ డగుట చిత్రములోని నూతనకల్పన; దీనినే పలువు రధికముగా నిందించిరి. గర్భహంతను గర్భరక్షకునిగాఁ జేయుట ప్రాయశ్చిత్తమున కెంత తగియున్నదో వారు గమనించినట్లు లేదు. ఇంతేకాదు. కల్కిపురాణమునఁ గల్కి శంభలగ్రామమున విష్ణుయశునకును సుమతికిని జనింపఁగా, పరశురామ కృప వ్యాసులతోపాటు ద్రౌణియు భిక్షురూపమున నా బాలుని జూడవచ్చును. చిత్రములోని తల్లికి సుమతి యను పేరు నక్కడిదే. భాగవత ద్వాదశస్కంధమునఁ దండ్రిపేరే కాని తల్లిపేరు కానరాదు. ఇట్లశ్వత్థామ కల్కిజన్మముతో సంబంధించుట కేవలము చిత్రకారుని స్వకపోలకల్పితము గాదు. బీజము పురాణమున నున్నది. కాలగణనమే చిక్కు. కలియుగ ప్రమాణము 4,32,000 ఏండ్లు గావునఁ గల్క్యవతారమున కింకను నాలుగు లక్షల యేండ్లకు మించి కాలము గలదు. కాని యంత దూరపు యంత్రములను జూపుట కే చిత్రకారుని యూహయుఁ జాలదు.

ఇఁకఁ గర్ణవిషయము. భైరవుఁ డను కథానాయకుఁడు పూర్వజన్మమునఁ గర్ణుఁ డని చిత్రాంతమునఁ దెలియును. ఆ వేషము ప్రభాస్‌ది. అర్జునుఁడు విజయ్ దేవరకొండ. ఇద్దఱు నటుల యభిమానుల వైరముతో రెండు పక్షము లేర్పడి, పురాణవిచారము కొంతవఱకు హాలు ముందఱి కేకలుగా మాఱెను. 2025 జనవరిలో విజయవాడ సమీపమున జరిగిన యొక సభలో గేయరచయిత అనంత శ్రీరామ్ ఈ కర్ణప్రశంసను నిరసించుటతో వాదము మరలఁ బ్రబలినది.

కర్ణపక్షమువారు తఱచుగాఁ జెప్పు కథ యొకటి కలదు. అర్జునుని బాణముచేఁ గర్ణుని రథము బహుదూరము వెనుకకుఁ బోయెననియు, కర్ణుని బాణముచే నర్జునరథము కొన్ని యడుగులే కదలినను శ్రీకృష్ణుఁడు కర్ణునే మెచ్చుకొనెననియు, తానును హనుమంతుఁడును గూర్చున్న రథమును గదల్చుట సామాన్యము గాదని కారణము చెప్పెననియు నా కథ. మనోహరమే. కాని వ్యాసభారత కర్ణపర్వమున నిది లేదు. యుద్ధాంతమున శ్రీకృష్ణుఁడు ముందుగా నర్జునుని రథమునుండి దింపి, పిదపఁ దాను దిగఁగనే, ద్రోణకర్ణుల యస్త్రములచే నదివఱకే దగ్ధమైయున్న రథము భస్మమైపోయెనని శల్యపర్వమునఁ గలదు. ఈ ఘట్టమునుండియే జనులు పై కథ నల్లిరని నే నూహించుచున్నాను. తమిళమునఁ గర్ణన్ (1964), తెలుఁగున నందమూరి తారకరామారావు నిర్మించిన దానవీరశూర కర్ణ (1977) వంటి చిత్రములు కర్ణుని యందలి జాలిని బెంచి, యిట్టి కథలకు మంచి నేలను సిద్ధపఱచినవి.

అర్జునపక్షమువారికి గ్రంథబల మెక్కువ. ఎఱ్ఱన పూరించిన యరణ్యపర్వశేషమున ఘోషయాత్ర కలదు. గంధర్వులచే రథహీనుఁడై కర్ణుఁడు తొలఁగిపోఁగా, చెఱపడిన దుర్యోధనుని విడిపించినవారు పాండవులు. తిక్కన విరాటపర్వమున నుత్తరగోగ్రహణ మెల్లరకుఁ దెలిసినదే. అందొక్కఁడే యర్జునుఁడు కర్ణునితోఁగూడ నెల్లరను గెలుచును. బాలురు కర్ణార్జునులలో నెవఁ డధికుఁడని యడిగినప్పుడు పండితులు ముందుగా నీ రెండు ఘట్టములను జదివించుట మేలు. అర్జునుని పొగడుట కందఱును సిద్ధమే కాని, యీ ఘట్టములను జదివినవారు మాత్ర మరుదు.

అయినను గర్ణునిఁ దక్కువచేయుట కీ పక్షమువారికి నధికారము లేదు. కర్ణపర్వముననే, తుది పోరునకు ముందు, శ్రీకృష్ణుఁడు కర్ణుని నవమానింపవలదని యర్జునుని హెచ్చరించుచు, ఆ మహారథుఁడు నీతో సముఁడో నీకంటె నధికుఁడో యని తన తలంపును దెలుపును. రథము వెనుకకుఁ బోయిన కథ లేకున్నను మెప్పు మాత్ర మున్నది. అది యుద్ధమధ్యమునఁ జేసిన శ్లాఘ గాక, యుద్ధమునకు ముందు సారథి తన రథికునికిఁ జెప్పిన జాగ్రత్తమాట.