పేరు హైదరాబాద్‌ది.. మరి టీమ్ ఎవ్వలది?

హైదరాబాద్ స్కై. హైదరాబాద్ బాలర్స్. హైదరాబాద్ ఫాల్కన్స్. ఈ మూడు పేర్లల్ల ఒక్కటన్న ఇన్నరా? మూడూ ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ టీములే. మూడింటికీ మన పట్నం పేరే పెట్టిండ్రు. పదేండ్లల్ల మూడు లీగులు, మూడు టీములు. గని బడంగ్‌పేట్ చౌరస్తల నిలవడి పది మంది పోరగాండ్లను అడిగితే ఒక్కలు చెప్పినా గొప్పే. అదే లెబ్రాన్ జేమ్స్ ఎవ్వలు, స్టెఫ్ కర్రీ ఎవ్వలు అంటే ఠక్కున చెప్తరు.

అమెరికాల ఎన్‌బీఏ సీజన్ ఒడిసిందంటే మన ఫోన్లల్ల సుత రీల్సే రీల్సు. ఎవ్వలు గెలిచిండ్రు, ఏ ప్లేయర్ ఏ టీమ్‌కు పోతడు, ఎవ్వల కాలు ఎప్పుడు మానుతది అని నెల రోజులు అదే ముచ్చట. మంచిదే, ఆట అన్నంక ముచ్చట ఉండాలె. గని మన దగ్గర బాస్కెట్‌బాల్ సీజన్ ఒడిస్తే మిగిలే ప్రశ్న ఒక్కటే: వచ్చే యేడు అసలు టీమ్ ఉంటదా? ఈ ప్రశ్న ఎందుకొస్తదో, దీనికి జవాబు ఏడున్నదో జెర ఇప్పి చూద్దాం.

చాంపియన్ ఒక ఊరిది, యాది ఇంకో ఊరిది

ముందుగాల అమెరికా ముచ్చట. 2025 జూన్ 22న, మన టైంకు 23 పొద్దుగాల, ఎన్‌బీఏ ఫైనల్స్ ఏడో మ్యాచ్ అయింది. ఓక్లహోమా సిటీ థండర్ 103–91తోని ఇండియానా పేసర్స్‌ను ఓడగొట్టి కప్పు కొట్టింది. ఫస్ట్ క్వార్టర్‌లనే పేసర్స్ స్టార్ టైరీస్ హాలిబర్టన్‌కు మడిమె ఎనుక నరం తెగింది. అదే ప్లేఆఫ్స్‌ల డామియన్ లిల్లార్డ్‌కు, జేసన్ టాటమ్‌కు సుత గదే నరం తెగింది. అందుకే 82 మ్యాచ్‌ల సీజన్ ప్లేయర్ల పానానికి బరువైతున్నదా అని పెద్ద చర్చ నడిచింది.

గని సియాటెల్ అనే ఊరోళ్ల ప్రశ్న ఏరే. ఎందుకంటే ఆ థండర్ టీమ్ అసలు సియాటెల్‌దే. 1967ల సూపర్‌సోనిక్స్ పేరు మీద పుట్టింది. 1979ల కప్పు సుత కొట్టింది. 2006ల స్టార్‌బక్స్ కాఫీ కంపెనీ పెద్దమనిషి హోవర్డ్ షుల్జ్ ఆ టీమ్‌ను 35 కోట్ల డాలర్లకు ఓక్లహోమా వ్యాపారస్తులకు అమ్మిండు. కొన్నోళ్లు కొత్త స్టేడియం కట్టియ్యుండ్రి అని అడిగిండ్రు. సర్కారు సొమ్ము పెట్టనీకి అక్కడ ఒప్పుకోలే. 2008ల టీమ్‌ను మూటగట్టి ఓక్లహోమా తీస్కపోయిండ్రు. 41 ఏండ్ల బంధం గట్ల తెగింది.

సియాటెల్ కోర్టుకెక్కితే ఆఖరికి రాజీ అయింది. పట్నానికి నాలుగున్నర కోట్ల డాలర్లు ఇచ్చిండ్రు. ఇంకో షరతు సుత ఉన్నది: సూపర్‌సోనిక్స్ అన్న పేరు, ఆ పచ్చ–పసుపు రంగులు సియాటెల్‌కే ఉండాలె, ఎప్పటికన్న కొత్త టీమ్ వస్తే దానికే పెట్టుకోవాలె. ఈ షరతును యాది పెట్టుకోండ్రి, మళ్ల పనికొస్తది.

మరి ఓక్లహోమా ఊకెనే కూసున్నదా? 2023 డిసెంబర్‌ల అక్కడి జనం ఓటేసి ఒక్క శాతం సేల్స్ టాక్స్‌ను కొత్త స్టేడియానికి ఒప్పుకున్నరు. తక్కువల తక్కువ 90 కోట్ల డాలర్ల స్టేడియం అది. దానికి బదులు 2050 దాంక టీమ్ ఊరు ఇడిసి పోదు. అంటే టీమ్‌ను ఆపుకోనీకి ఊరు ఊరంతా కిరాయి కడుతున్నట్టు.

ఎన్‌బీఏకు పైసలకు కరువు లేదు. 2025–26 సీజన్‌కెళ్లి 11 ఏండ్లకు టీవీ హక్కుల మీదనే దగ్గర దగ్గర 7,600 కోట్ల డాలర్లు వస్తున్నయి. గంత పైసలున్న లీగ్‌ల సుత టీమ్ ఓనర్‌దే, ఊరిది కాదు. గందుకే పైసలుంటే టీమ్ నిలుస్తది అన్న మాట సగమే నిజం.

మన మూడు టీములు ఏమైనయి

2015ల యూబీఏ అని లీగ్ మొదలైంది. ఎనిమిది పట్నాల టీములు, దాంట్ల హైదరాబాద్ స్కై ఒకటి. నాలుగు సీజన్లు నడిపిండ్రు, 2017 తర్వాత ఆగిపోయింది. 2018ల త్రీబీఎల్ వచ్చింది. గిది ముగ్గురు ముగ్గురు ఆడే 3x3 ఆట. అండ్ల మనది హైదరాబాద్ బాలర్స్. 2025 మొదట్ల ఢిల్లీల ఐఎన్‌బీఎల్ ప్రో నడిచింది, అది 25 ఏండ్ల లోపు పిల్లగాండ్ల లీగ్. అండ్ల హైదరాబాద్ ఫాల్కన్స్ అని దిగింది.

ప్రతిసారి కొత్త లీగు, కొత్త పేరు, కొత్త జెర్సీ. స్కై టీమ్‌ను అభిమానించినోని యాది బాలర్స్‌కు అందలే, బాలర్స్‌ది ఫాల్కన్స్‌కు అందలే. ప్రతిసారి సున్నకెళ్లే మొదలు.

ఇట్ల ఎందుకయితదంటే, లీగ్‌కు మూడు తొవ్వల పైసలు రావాలె: టీవీ, స్పాన్సర్, టికెట్. కొన్ని వారాల లీగ్‌ను ఒక్క స్టేడియంల నడిపిస్తే మిగతా పట్నాల టికెట్ పైసలు ఉండయి. జనం చూడకపోతే టీవీ ఇయ్యదు, టీవీ లేకపోతే స్పాన్సర్ రాడు. ఇగ లీగ్‌కు, బాస్కెట్‌బాల్ ఫెడరేషన్‌కు పొత్తు కుదరకపోతే నడుమల నలిగేది ప్లేయరే.

ఫెడరేషన్ సుత ఊకెనే లేదు. 2010ల ఐఎంజీ–రిలయన్స్‌తోని 30 ఏండ్ల ఒప్పందం చేసుకున్నది. ప్రొఫెషనల్ లీగ్ వస్తదని అప్పుడు అందరు ఆశపడ్డరు. ఆ లీగ్ రానే రాలే. ఇయ్యాలటికి మన దేశంల బాస్కెట్‌బాల్ ప్లేయర్‌కు అన్నం పెడుతున్నది లీగులు కాదు. రైల్వేస్, మిలిటరీ, పోలీస్, ఓఎన్‌జీసీ అసొంటి కాడ స్పోర్ట్స్ కోటా నౌకర్లే.

ఇంకో సంగతి చూడుండ్రి. 2015ల ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌ల ఎంపికైన మొట్టమొదటి భారతీయుడు సత్నామ్ సింగ్. డల్లాస్ మావెరిక్స్ 52వ నంబర్ల తీసుకున్నది. పంజాబ్‌ల బల్లో కే అనే చిన్న ఊర్ల రైతు కుటుంబంల పుట్టిండు. ఆయనను తయారు చేసింది ఏ లీగూ కాదు. లూధియానాల ఉన్న బాస్కెట్‌బాల్ అకాడమీ. అక్కడ హాస్టల్ ఉన్నది, కోర్టు ఉన్నది, రోజు పొద్దుమాపు చూసుకునే కోచ్ ఉన్నడు. గంతే.

కప్పు కొట్టినా నిలువలే

బాస్కెట్‌బాల్‌ను మనోళ్లు చూడరు, అందుకే పోయింది అంటరా? అట్లయితే చూసే ఆటల సంగతి చెప్త. దక్కన్ చార్జర్స్ 2009ల ఐపీఎల్ కప్పు కొట్టింది. మూడేండ్లకే, 2012ల బీసీసీఐ ఆ టీమ్‌ను తీసేసింది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాల కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల మీద ఓడగొట్టి ఐఎస్‌ఎల్ కప్పు ఎత్తింది. రెండేండ్లు తిరగకముందే ప్లేయర్లకు జీతాలు అందక, ఫిఫా కొత్త ప్లేయర్లను తీసుకోనియ్యక, 2023–24 సీజన్‌ల 22 మ్యాచ్‌లల్ల ఒక్కటే గెలిచి అట్టడుగున పడ్డది. తర్వాత ఓనర్ మారిండు. 2025ల టీమ్ ఢిల్లీకి పోయింది, పేరు సుత స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. మనం మొత్తుకోవుడు మంచిదే, గని ఆ టీమ్ 2019ల మనకు వచ్చింది ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడ్డ జాగలనే. పుణె ఏడ్చినప్పుడు మనం సంబురం చేసుకున్నం.

ఈ రెండు కప్పుల్ల ఒక పోలిక ఉన్నది. 2009ల ఎన్నికలున్నయని ఐపీఎల్ మొత్తం దక్షిణాఫ్రికాల నడిచింది. 2021–22ల కరోనా వల్ల ఐఎస్‌ఎల్ మొత్తం గోవాల నడిచింది. అంటే కప్పు కొట్టిన ఆ రెండు సీజన్లల్ల ఆ టీములు హైదరాబాద్‌ల ఒక్క మ్యాచ్ సుత ఆడలే. మన పేరు మీద కప్పు వచ్చింది, మన కండ్ల ముందట రాలే.

క్రికెట్ కాబట్టి ఏడాది తిరగకముందే చార్జర్స్ జాగల సన్‌రైజర్స్ వచ్చింది. ఫుట్‌బాల్‌కు, బాస్కెట్‌బాల్‌కు గా అదృష్టం లేదు.

మరి తెలుగు టైటాన్స్‌ను చూడుండ్రి. 2014ల ప్రో కబడ్డీ మొదటి సీజన్‌కెళ్లి ఉన్నది. ఒక్క కప్పు కొట్టలే. అయినా జనం తిట్టుకుంట అయినా సరే చూస్తరు. ఎందుకంటే కబడ్డీ మన బడిల, మన చెరువు కట్ట కింద, మన సంక్రాంతి పోటీల ఉన్నది. ఏ ఆటనన్న నిలవెట్టేది కిందున్న గా ఏరే.

పట్నానికి ఒకప్పుడు ఫుట్‌బాల్‌ల సుత గసొంటి ఏరు ఉండె. 1950కెళ్లి 1954 దాంక వరుసగ ఐదు సార్లు రోవర్స్ కప్ కొట్టింది హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్. దాన్ని తయారు చేసిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. ప్లేయర్లకు పోలీస్ నౌకరి, ఆడనీకి గ్రౌండ్, నేర్పనీకి రహీమ్ సాబ్. ఆ టీమ్‌ను అమ్మేటోడు లేడు, కొనేటోడు లేడు.

బాలాపూర్ లడ్డు లెక్క

బడంగ్‌పేట్ పక్కనే బాలాపూర్. గణేశ్ లడ్డు వేలం 1994ల 450 రూపాయలతోని మొదలైతే, 2025ల 35 లక్షలకు పోయింది. ప్రతి యేడు కొత్తోళ్లు కొంటరు. కొన్నాయన లడ్డు ఇంటికి తీస్కపోతడు, పేపర్ల పేరొస్తది. గని గణపతిని తీస్కపోతడా? ఉత్సవాన్ని మా ఊర్ల పెట్టుకుంట అంటడా? వేలం పైసలు ఊరి పనులకు పోతయి, వచ్చే యేడు మళ్ల బాలాపూర్‌లనే వేలం.

మన లీగుల్ల ఉల్టా నడుస్తున్నది. లడ్డుతోని పాటు గణపతినే అమ్ముతున్నరు. స్పాన్సర్‌ను మార్చుండ్రి, ఓనర్‌ను మార్చుండ్రి, ఎవ్వలొద్దంటరు? పైసలు పెట్టినోనికి లాభం రావాలన్నది సుత న్యాయమే. నష్టమొస్తున్నా నడుపుమని ఎవ్వలను బలిమి చెయ్యలేం. గని పేరు, రంగు, పిల్లల ట్రైనింగ్, గ్రౌండ్ మాత్రం ఊరికి కట్టేసి ఉండాలె. సియాటెల్ పేరును, రంగులను కాపాడుకున్నది గా లెక్కతోనే. టీమ్ పోయినంక కాపాడుకున్నరు, మనం రాకముందే రాయించుకోవాలె.

మళ్ల టీమ్ వస్తే ఏం అడగాలె

ఇంకో లీగ్ వస్తది, హైదరాబాద్ పేరు మీద ఇంకో జెర్సీ వస్తది, అందుల అనుమానం లేదు. అప్పుడు నాలుగు ముచ్చట్లు అడగాలె.

ఒకటి, ఎన్ని మ్యాచ్‌లు ఈడ ఆడుతరు? గచ్చిబౌలి ఒక్కటే కాదు, దిల్‌సుఖ్‌నగర్ పక్కన సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియం ఉన్నది. ఎల్బీనగర్, బడంగ్‌పేట్, నాదర్‌గుల్ పోరలు బండి మీద పోయి చూసి రావచ్చు.

రెండు, ట్రయల్స్ ఏడ పెడుతరు? ఊర్ల పిల్లకు, పిల్లగానికి ఆ కబురు ఎట్ల తెలుస్తది? ఇన్‌స్టాల ఇంగ్లిషుల పోస్టు పెట్టి చేతులు దులుపుకుంటే కాదు.

మూడు, సీజన్ ఒడిసినంక ఏం మిగులుతది? ఒక కోర్టా, ఒక కోచా, బడి పిల్లల లీగా? ఏదో ఒకటి కాయితం మీద ఉండాలె.

నాలుగు, టీమ్ పోతే పేరు ఎవ్వలది?

ఇవి లీగోళ్లను అడిగేటియి. మనం చేసేది సుత ఉన్నది. 2022ల తెలంగాణ క్రీడా ప్రాంగణాలు పెట్టిండ్రు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, లాంగ్ జంప్‌కు జాగలు చూపిచ్చిండ్రు. కొన్ని ఊర్లల్ల బాగున్నయి, కొన్ని ఊర్లల్ల బోర్డు ఉన్నది, గడ్డి ఉన్నది. ఆ జాగలల్ల ఒక్క రింగు పాతితే బాస్కెట్‌బాల్ మొదలైతది. పూర్తి కోర్టుకు 28 మీటర్ల పొడుగు, 15 మీటర్ల ఎడల్పు కావాలె. గని 3x3 ఆటకు 15 మీటర్లు, 11 మీటర్లు చాలు, ఒక్కటే రింగు. నేలకెళ్లి రింగు ఎత్తు 3.05 మీటర్లు. పది నిమిషాల ఆట, లేకుంటే ముందుగాల 21 పాయింట్లు కొట్టినోళ్లు గెలిచినట్టు. టోక్యో ఒలింపిక్స్‌కెళ్లి గిది మెడల్ ఉన్న ఆట. వాలీబాల్ కోర్టు గీసిన ఊర్లె గింత జాగ దొరకదా?

బడంగ్‌పేట్ అసొంటి కాడ ఇంకో తొందర ఉన్నది. పొలాలు ప్లాట్లయినయి, పంచాయతీ మున్సిపాలిటీ అయి, కార్పొరేషన్ అయి, 2025 ఆఖర్ల జీహెచ్‌ఎంసీల కలిసింది. లేఅవుట్ల పార్కు కోసం వదిలిన జాగ ఇయ్యాల ఖాళీగ కనవడ్తది, రేపు ఎవ్వలదో షెడ్డు లేస్తది. వార్డు ఆఫీసుల దరఖాస్తు పెట్టి, అందరు సంతకాలు పెట్టి, గా జాగల ఒక సిమెంటు నేల, ఒక రింగు కావాలని ఇప్పుడే అడగాలె. ఊర్లోళ్లయితే గ్రామసభల అడుగుండ్రి, తీర్మానం రాయించుండ్రి.

ఎన్‌బీఏ చూడొద్దని కాదు, చూడుండ్రి. థండర్ మళ్ల కొడుతదా, హాలిబర్టన్ మునుపటి లెక్క ఉరుకుతడా, సియాటెల్‌కు టీమ్ మళ్ల వస్తదా అని మస్తుగ కొట్లాడుండ్రి. గని ఆ కొట్లాట అయినంక మీ ఊరి బడి గ్రౌండ్‌ల రింగు ఉన్నదా లేదా ఒక్కసారి పోయి చూడుండ్రి. లేకుంటే దరఖాస్తు రాయనీకి ఒక తెల్ల కాయితం, నలుగురు దోస్తులు చాలు.