పాత క్యాసెట్ల నుంచి డీవీడీకి: అపోహలు – వాస్తవాలు

2000 తర్వాత హ్యాండీక్యామ్ చేతికందిన కుర్రాళ్లు సొంత ఖర్చుతో తీసిన షార్ట్ ఫిల్ములు, డాక్యుమెంటరీలు ఎన్నో ఇంకా క్యాసెట్లలోనే ఉన్నాయి. వాటన్నిటినీ బాగుచేసి ఒక డీవీడీగా తేవాలనుకునేవారికి ఎదురయ్యే అపోహలివి.

అపోహ: క్యాసెట్ బీరువాలో ఉందిగా, ఎప్పుడు తీసినా ఆడుతుంది.
వాస్తవం: తేమ తగిలితే టేపుకు బూజు పడుతుంది. క్యాసెట్ మీది కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. అలాంటి క్యాసెట్‌ను వీసీఆర్‌లో పెడితే హెడ్‌కు బూజు పట్టి, తర్వాత పెట్టే క్యాసెట్లకూ అంటుకుంటుంది. ముందు శుభ్రం చేయించాలి.

అపోహ: ఎరుపు, తెలుపు, పసుపు వైర్లు తగిలించి రికార్డ్ చేస్తే చాలు.
వాస్తవం: వీహెచ్ఎస్ క్యాసెట్లకు మామూలుగా అదే దారి. మినీ డీవీ టేపులో ఉన్నది మాత్రం డిజిటల్ డేటా. ఫైర్‌వైర్ కేబుల్‌తో క్యాప్చర్ చేస్తే అది ఉన్నదున్నట్టు కంప్యూటర్‌లోకి వస్తుంది. గంటకు దాదాపు 13 జీబీ అవుతుంది. ఎడిటింగ్, కలర్ కరెక్షన్ ఈ ఫైలు మీదే చేసి, డీవీడీకి కావలసిన ఎంపెగ్-2లోకి ఆఖర్న మార్చాలి.

అపోహ: ఒక్క డిస్కులో అన్ని సినిమాలూ పట్టించేయొచ్చు.
వాస్తవం: మామూలు డిస్కు 4.7 జీబీ. గంట వీడియోకు సెకనుకు 8 మెగాబిట్లు హాయిగా ఇవ్వొచ్చు. నాలుగు గంటలు కుక్కితే దాదాపు రెండున్నరే మిగులుతుంది. డ్యాన్సు, పరుగు ఉన్న షాట్లలో బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతుంది. రెండో డిస్కు వేయడమే మేలు.

అపోహ: ఏఐతో పాత వీడియో అసలైన హెచ్‌డీ అయిపోతుంది.
వాస్తవం: టేపులో లేని వివరాన్ని సాఫ్ట్‌వేర్ ఊహించి గీస్తుంది. దూరపు షాట్లలో మొహాలు మారిపోయేది అందుకే. వణికే బొమ్మను టైమ్ బేస్ కరెక్టర్‌తో నిలబెట్టడం, వెలిసిన రంగులు సరిచేయడం, గుయ్యిమనే శబ్దం తగ్గించడం నమ్మదగిన పనులు. 4:3లో తీసినదాన్ని 16:9కి సాగదీయకండి, మనుషులు లావుగా కనిపిస్తారు.

అపోహ: డీవీడీ వచ్చేసింది, ఇక క్యాసెట్ పారేయొచ్చు.
వాస్తవం: ఇంట్లో రాసే డిస్కుల్లో సాధారణంగా రంగు పొర మీదే డేటా ఉంటుంది. ఎండకు, వేడికి అది చెడుతుంది. డీవీడీ చూపించుకోవడానికే. క్యాప్చర్ చేసిన అసలు ఫైలును రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచండి. క్యాసెట్‌నూ దాచండి.

వీసీఆర్ల తయారీలో చివరిదాకా నిలిచిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016లో ఆపేసింది. ఆడే ప్లేయర్ దొరికినప్పుడే ముందు క్యాప్చర్ చేయించండి. డీవీడీ మెనూ, కవర్ డిజైన్ తర్వాత చూసుకోవచ్చు.