గర్భసంచి క్యాన్సర్ చికిత్స పూర్తయిందా? రివ్యూ తేదీని మాత్రం మర్చిపోకండి

రాజీవ్ ఆరోగ్యశ్రీ లబ్ధిదారులకు, వారి కుటుంబ సభ్యులకు సులభ వివరణ

ఆపరేషన్ అయింది. అవసరమైన వారికి రేడియేషన్, కీమో కూడా అయ్యాయి. డిశ్చార్జి కాగితం చేతికొచ్చింది. "హమ్మయ్య, గండం గడిచింది" అనుకుని చాలామంది ఆ కాగితాలను బీరువాలో పెట్టేస్తారు. రివ్యూకు రమ్మన్న తేదీ సరిగ్గా పత్తి ఏరే రోజుల్లోనో, ఇంట్లో పెళ్లి పనుల్లోనో వస్తుంది. ఒకసారి తప్పుతుంది. రెండోసారి గుర్తే ఉండదు.

అలా జరగకూడదనే ఈ సమాచారం. చికిత్స తర్వాత ఏం చేయాలి, ఏం గమనించాలి, ప్రభుత్వం నుంచి ఏ సాయం అందుతుంది అనేవి ఇందులో ఉన్నాయి. ఫోన్‌లో సేవ్ చేసుకోండి. చదవడం రాని అమ్మలకు ఇంట్లో వాళ్లు చదివి వినిపించండి.

ముందుగా ఒక స్పష్టత

గర్భసంచి లోపలి పొరలో వచ్చే క్యాన్సర్ వేరు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వేరు. హెచ్‌పీవీ టీకా, పాప్ పరీక్ష అని మీరు వినేవి రెండోదానికి సంబంధించినవి. ఇక్కడ చెప్పేది మొదటిదాని గురించి. మీకు వచ్చింది ఏదో డిశ్చార్జి కాగితంలో రాసి ఉంటుంది. అర్థం కాకపోతే డాక్టర్‌నే అడగండి.

రివ్యూకు ఎన్నిసార్లు వెళ్లాలి?

సాధారణంగా మొదటి రెండు మూడేళ్లు 3 నుంచి 6 నెలలకోసారి, ఆ తర్వాత 5 ఏళ్లు నిండేదాకా 6 నెలలకోసారి లేదా ఏడాదికోసారి పిలుస్తారు. మీ జబ్బు దశను బట్టి ఇది కొంచెం మారవచ్చు. మీ డాక్టర్ రాసిన తేదీయే మీకు లెక్క.

మొదటి ఏళ్లలోనే ఎందుకింత పట్టుదల? ఈ క్యాన్సర్ తిరగబెడితే ఎక్కువగా మొదటి మూడేళ్లలోనే తిరగబెడుతుంది. అది యోని పైభాగంలో మాత్రమే వచ్చి, అంతకుముందు రేడియేషన్ తీసుకోని వారైతే, తొందరగా పట్టుకుంటే నయమయ్యే అవకాశం బాగా ఉంటుంది. ఆలస్యం చేస్తే ఆ అవకాశం తగ్గిపోతుంది.

రివ్యూలో ఏం చేస్తారు?

ఎలా ఉన్నారని అడుగుతారు. పొట్ట, యోని భాగం పరీక్షిస్తారు. చాలామందికి ఇదే ముఖ్యమైన పరీక్ష. సిగ్గుపడి వద్దనకండి. మహిళా డాక్టర్ కావాలంటే అడగండి. ఏ లక్షణమూ లేని వారందరికీ ప్రతిసారీ సీటీ స్కాన్ అక్కర్లేదు. డాక్టర్ రాయకుండా అప్పు చేసి మరీ బయట స్కాన్లు చేయించుకోవద్దు.

ఈ లక్షణాలుంటే తేదీ కోసం ఆగొద్దు

గర్భసంచి తీసేశాక నెలసరి ఉండదు. కాబట్టి కింది నుంచి రక్తం కనిపిస్తే, అది చిన్న మరకైనా సరే, "వేడి చేసిందేమో" అని ఊరుకోకండి. ఒకట్రెండు రోజుల్లోనే ఆసుపత్రికి చెప్పండి. ఆపరేషన్ అయిన కొత్తలో కొంచెం మరక కనిపించడం మామూలే. కానీ మామూలా కాదా అని తేల్చాల్సింది డాక్టరే.

ఇవి కూడా చెప్పాలి:

• దుర్వాసనతో తెల్లబట్ట
• పొత్తికడుపులో, నడుములో తగ్గని నొప్పి
• మూత్రంలో లేదా మలంలో రక్తం
• కారణం లేకుండా బరువు తగ్గడం, ఆకలి మందగించడం
• వారాల తరబడి తగ్గని దగ్గు
• కాళ్ల వాపు

వెంటనే 108కి ఫోన్ చేయాల్సినవి: రక్తం ఎక్కువగా పోవడం, ఉన్నట్టుండి ఆయాసం లేదా ఛాతీ నొప్పి. ఒక్క కాలి పిక్క వాచి నొప్పి పెడితే రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంట్లో కోలుకోవడం ఎలా?

బరువు పనులు: కోత పెట్టి చేసిన ఆపరేషన్ అయితే 6 నుంచి 8 వారాలు నీళ్ల బిందె, బియ్యం బస్తా ఎత్తొద్దు. నాట్లు, కలుపు లాంటి వంగి చేసే పనులు డాక్టర్ సరేనన్నాకే మొదలుపెట్టాలి. అలాగని మంచానికే అతుక్కుపోవద్దు. మొదటి వారం నుంచే ఇంట్లో నెమ్మదిగా నడవండి.

పథ్యం: నెలల తరబడి కారం మెతుకులతో సరిపెట్టడం మంచిది కాదు. గాయం మానాలంటే పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూర కావాలి. రేడియేషన్ తర్వాత విరేచనాలు అవుతుంటే మాత్రం కొన్నాళ్లు కారం, మసాలా తగ్గించి, నీళ్లు, మజ్జిగ ఎక్కువ తీసుకోండి.

అండాశయాలు కూడా తీసేస్తే: చిన్న వయసులోనే ముట్లు ఆగినట్టు ఉంటుంది. ఒళ్లంతా వేడి ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, చిరాకు, యోని పొడిబారడం రావొచ్చు. ఎముకలు కూడా పలచబడతాయి. వీటికి మార్గాలున్నాయి. మందుల దుకాణంలో అడిగి హార్మోన్ మాత్రలు, క్రీములు కొనకండి. డాక్టర్ రాస్తేనే వాడాలి.

రేడియేషన్ తీసుకుంటే: యోని మార్గం బిగుసుకుపోవచ్చు. అందుకే కొందరికి డైలేటర్ అనే సాధనం ఇచ్చి వాడే పద్ధతి నేర్పుతారు. డాక్టర్ రివ్యూలో లోపల సరిగ్గా పరీక్షించాలన్నా ఇది అవసరం. మూత్రం, విరేచనం ఇబ్బందులు కొన్నేళ్ల తర్వాత కూడా రావొచ్చు. అప్పుడు ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా, "నాకు ఇంతకుముందు కరెంటు పెట్టారు" అని తప్పకుండా చెప్పండి.

ఇంటాయనకు కూడా చెప్పాల్సిన మాటలు

క్యాన్సర్ అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా అంటదు. చికిత్స పూర్తయి ఇంటికి వచ్చిన మనిషి ఒంట్లోంచి రేడియేషన్ బయటికి రాదు. మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. గాయం పూర్తిగా మానేదాకా, అంటే సుమారు 6 నుంచి 8 వారాలు, దాంపత్యానికి దూరంగా ఉండాలి. తర్వాత డాక్టర్ సరేనంటే భయం అక్కర్లేదు. దాంపత్యం వల్ల క్యాన్సర్ తిరిగి రాదు.

"గర్భసంచి పోయింది, ఇక నేనెందుకూ పనికిరాను" అని ఆమె అంటుంటే తేలిగ్గా తీసుకోకండి. దిగులు తగ్గకపోతే టెలీ మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

బీపీ, షుగర్, బరువు: ఇవీ క్యాన్సర్ సంరక్షణలో భాగమే

మొదటి దశలోనే బయటపడి చికిత్స అందిన వారిలో చాలామందికి తర్వాతి కాలంలో ఈ క్యాన్సర్ కన్నా గుండెజబ్బు ముప్పే ఎక్కువ. అధిక బరువు ఈ క్యాన్సర్‌కు ఒక ముఖ్య కారణం. అదే బరువు బీపీకి, షుగర్‌కు కూడా దారి తీస్తుంది. రోజుకు అరగంట చొప్పున వారంలో 5 రోజులు నడవండి. బీపీ, షుగర్ మాత్రలు పల్లె దవాఖానలో, పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారు. రక్త, మూత్ర పరీక్షల శాంపిల్ అక్కడే తీసుకుని తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ల్యాబ్‌కు పంపిస్తారు. దానికీ డబ్బు కట్టక్కర్లేదు.

ప్రభుత్వ సాయం ఏమిటి?

రాజీవ్ ఆరోగ్యశ్రీ: 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి రూ.10 లక్షల వరకు వైద్యం. డిశ్చార్జి తర్వాత 10 రోజుల మందులు ప్యాకేజీలోనే ఉంటాయి, అడిగి తీసుకోండి. జబ్బు తిరగబెట్టి మళ్లీ చికిత్స అవసరమైతే అదే కార్డుతో ఆరోగ్యమిత్రను కలవండి. పథకం కింద చేసే వైద్యానికి ఎవరైనా డబ్బు అడిగితే 104కు ఫిర్యాదు చేయండి.

మహాలక్ష్మి ఉచిత బస్సు: పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రం లోపల మహిళలకు టికెట్ డబ్బు లేదు. హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రికి, నిమ్స్‌కు రివ్యూకు వెళ్లేవారికీ ఇది వర్తిస్తుంది. ఆధార్ వెంట ఉంచుకుని జీరో టికెట్ తీసుకోండి.

రైల్వే రాయితీ: క్యాన్సర్ రోగి చికిత్సకే కాదు, రివ్యూకు వెళ్లినా రాయితీ ఉంది. స్లీపర్, థర్డ్ ఏసీలో రోగికి పూర్తి మినహాయింపు, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ. ఆసుపత్రిలో నిర్ణీత ఫారంపై సర్టిఫికెట్ రాయించుకుని రిజర్వేషన్ కౌంటర్‌లో చూపించాలి.

ఫైలులో ఏమేం ఉండాలి?

• బయాప్సీ రిపోర్టు
• ఆపరేషన్ వివరాలు
• రేడియేషన్, కీమో ఎంత ఇచ్చారన్న కాగితం
• డిశ్చార్జి సమ్మరీ
• ఆరోగ్యశ్రీ, ఆధార్ జిరాక్సులు

అన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్‌లో పెట్టండి. ఒక్కో కాగితం ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. తర్వాతి రివ్యూ తేదీని గోడ క్యాలెండర్ మీద రాయండి. మీ ఊరి ఆశా కార్యకర్తకు కూడా చెప్పి ఉంచితే ఆమె గుర్తుచేస్తారు.

అక్కాచెల్లెళ్లకు, కూతుళ్లకు

ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపిస్తే ఎవరైనా సరే పరీక్ష చేయించుకోవాలి. మీ కుటుంబంలో గర్భసంచి లేదా పెద్దపేగు క్యాన్సర్ చిన్న వయసులోనే వచ్చిన వారు ఇంకా ఉంటే ఆ విషయం డాక్టర్‌కు చెప్పండి. కొన్ని కుటుంబాల్లో ఇది వంశపారంపర్యంగా వస్తుంది. అలాంటప్పుడు పిల్లలకు ముందుగానే పరీక్షలు అవసరం కావచ్చు.

ఈరోజే చేయాల్సిన పని ఒక్కటే. ఫైలు తీసి తర్వాతి తేదీ చూడండి. ఆ తేదీ దాటిపోయి ఉంటే, "ఇన్నాళ్లూ రాలేదేం అని కోప్పడతారేమో" అని వెనకాడొద్దు. రేపే బయల్దేరండి.

అత్యవసరం: 108 | ఆరోగ్యశ్రీ, ఆరోగ్య సలహా: 104 | మానసిక ధైర్యం: 14416

జారీ: జిల్లా పౌర సంబంధాల అధికారి, సమాచార పౌర సంబంధాల శాఖ